కడుపులో చర్మశాల

ఇసుకను ఆపమని నాటారట ఈ చెట్లను
సాల్హా మామగారి కాలంలో.
ముళ్లు లేని తుమ్మ, సముద్రాలు దాటి వచ్చింది.
ఇసుక ఆగింది.
తర్వాత వానా ఆగింది.

ఇది మూడో ఏడు.
బార్లీ మోకాలెత్తు రాకుండానే మాడింది.
ఎండుగడ్డి మోపు ధర అడిగి
తలగుడ్డ సర్దుకుని వెనక్కొచ్చింది సాల్హా.
పచ్చగా మిగిలింది ఈ తుమ్మ ఒక్కటే.
కొడవలి పట్టింది.

గొర్రెలు తిన్నాయి, కడుపులు డోళ్లయ్యేలా.
నెమరేశాయి, పడుకున్నాయి.
నెల తిరిగేసరికి
ఉన్ని కిందనుంచి వెన్నుపూసలు
వేళ్లతో లెక్కపెట్టొచ్చు.
"ఇది కడుపు నిండిన కరువు" అంది,
"మా అత్త కూడా చెప్పలేదు ఇలాంటిది."

నేను కైరవాన్ ప్రయోగశాల నుంచి వచ్చాను.
గొప్ప పనేం కాదు.
గొర్రె వెనక గుడ్డసంచి కట్టడం,
తెల్లారి విప్పి పెంటికలు తూచడం,
ఎండబెట్టి, పొడిచేసి,
లోపలికి ఎంత మాంసకృత్తి పోయిందో
బయటికి ఎంత వచ్చిందో పద్దు రాయడం.
పద్దు సరిపోయింది. అదే బాధ.
తిన్నదాంట్లో సగానికి పైగా
ముద్ర విప్పని ఉత్తరంలా
తిరిగి వచ్చేసింది.

ఒక ఆకు నమిలి చూశాను.
వగరు.
అది రుచి కాదు, పట్టు.
ఉమ్మిలోని జిగురును జుట్టుపట్టి ఈడ్చింది.
నాలుక పిడచగట్టింది,
సాల్హా మూడోసారి మరిగించిన టీ తాగినట్టు.

మా నాన్న షెద్లీ తోళ్లు ఊనేవాడు,
ఊరికి దిగువన, గాలివాటు చూసుకుని.
గుంట నిండా దానిమ్మ తొక్కలు, సుమాక్ ఆకు.
పచ్చి తోలును అందరూ తింటారు:
ఈగ, పురుగు, కుక్క, ఎండ.
వగరు తాగిన తోలును ఎవరూ ముట్టరు.
"ఇక దీనికి ఎవరి ఆకలీ అంటదు" అనేవాడు
తోలును నిమురుతూ.
ఆయన గోళ్లకింది గోధుమరంగు
చివరి స్నానం చేయించినవాళ్లకూ వదల్లేదు.

ఇప్పుడు చూస్తున్నాను:
గొర్రె బతికుండగానే, దాని లోపల,
చెట్టు అదే గుంట తవ్వింది.
ఆకులోని సారమంతా అక్కడ తోలైపోతోంది.
కోటానుకోట్ల సూక్ష్మజీవులు
ముట్టుకుని, మూతి ముడిచి,
పస్తు పడుకుంటున్నాయి.

కొంచెమైతే మేలే, అదీ రాయాలి పద్దులో.
చిటికెడు వగరు
మొదటి కడుపు దోపిడీని దాటించి
నాలుగో కడుపు పులుపులో పట్టు వదిలి
పేగుకు అప్పజెబుతుంది మూటను.
కావలివాడన్నమాట.
పొద్దస్తమానం అదే మేతైతే
ఆ కావలివాడే సుంకం గుత్తకు తీసుకుంటాడు.

సాల్హా నల్లమేక మాత్రం నిగనిగలాడుతోంది.
దాని ఉమ్మిలో ఏదో ఉందంటారు.
మా పెద్దలు ఇంకా వాదించుకుంటున్నారు.
మేకకు ఆ సంగతి తెలీదు.

నగరం నుంచి మన్సఫ్ తెచ్చిన తెల్లటి మందుపొడి
వగరును తనకే అంటించుకుంటుంది, నిజమే.
కిలో ధరకు ఒక గొర్రెపిల్ల వస్తుంది.
సాల్హా ధర విని నవ్వలేదు.
లేచి వెళ్లి
రొట్టెల పొయ్యిలో బూడిద తెచ్చింది.
"ఆలివ్ కాయ చేదును ఇదే కదా లాగేది?
ఆకు ఏమైనా దొరబిడ్డా?"

రాత్రంతా బూడిదనీళ్లలో నానింది ఆకు.
పొద్దున నీళ్లు ముదురు టీ రంగు.
మొదటిరోజు గొర్రెలు వాసన చూసి తల తిప్పుకున్నాయి.
రెండోరోజు సగం.
నెలకు తూకం ముల్లు కదిలింది,
రోజుకు నలభై గ్రాములు,
అంతకుమించి కాదు.
మచ్చచెవి ముసలి గొర్రె అప్పటికే పోయింది.
దాన్ని పద్దులో వేరే గడిలో రాశాను.

సంచులు మూటగట్టి బండెక్కిస్తుంటే
సాల్హా అడ్డొచ్చింది.
"నీకు పిడికెడు చాలదా?"
మిగతావి తట్టకెత్తుకుని
దొడ్డి వెనక ఆలివ్ మొదట్లో పోసి
మడమతో తొక్కింది.
"మెల్లగా తింటుందిలే,
దానికేం తొందర."